ఏకాంతంలో కర్మ, లోకంతో అనుబంధం

ఒంటరిగా కూర్చొని చేసే పని లోకానికి ఏ విధంగా చెందుతుంది, ఆ పని చేసే మనిషి తన చుట్టూ ఉన్నవారికి ఏ విధంగా చెందుతాడు అనే ప్రశ్నలను భారతీయ ధర్మశాస్త్రాలూ ఉపనిషత్తులూ ఇతిహాసాలూ అనేక కోణాల నుంచి చర్చించాయి. అడవిలోని మునికీ, ఇంట అధ్యయనం చేసుకొనే గృహస్థుకూ సంబంధించినవిగా ఉండిపోయిన ఈ ప్రశ్నలు, 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన తరువాత లక్షలాది ఉద్యోగుల నిత్యజీవితంలోకి వచ్చాయి. హైదరాబాదు, చెన్నై, బెంగళూరు నగరాల్లో కార్యాలయాలు మూతపడగా, ల్యాప్‌టాప్ చేతబట్టుకొని సొంత ఊళ్ళకు చేరిన యువతీయువకులు పడకగదినో వసారానో కార్యాలయంగా మార్చుకొన్నారు. ముఖ్యంగా మహిళలకు ఉపయోగపడేలా, ఇంటినుంచి పని చేసే ఈ విధానాన్ని పెద్దఎత్తున ప్రోత్సహిస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో ప్రకటించడంతో, అది ఆపద్ధర్మంగా చేసుకొన్న ఏర్పాటు అనే దశ దాటిపోయింది. జీవితంలో అధికభాగం ఈ తీరుగా గడవబోయే తరానికి దీని సౌకర్యాలూ ఇబ్బందులూ తెలిసినంత మాత్రాన సరిపోదు. దీని ధర్మం కూడా తెలియాలి.

నెల్లూరు జిల్లాలో కావలికి దక్షిణాన ఉన్న బోగోలు మండలం ఈ పరిశీలనకు తగిన చోటు, ఎందుకంటే భిన్నమైన శ్రమసంప్రదాయాలు అక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి. చెన్నై–విజయవాడ రైలుమార్గం మీద ఉన్న బిట్రగుంట, ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకోషెడ్డుతో పేరు పొందిన రైల్వే ఊరు. ఆవిరి ఇంజను కదలాలంటే బొగ్గు వేసే ఫైర్‌మన్, నడిపే డ్రైవరు, చివరి పెట్టెలో గార్డు, షెడ్డులో ఫిట్టర్లు, స్టేషనులో సిగ్నళ్ళు చూసేవారు అందరూ ఒకే గడియారానికి కట్టుబడాలి. ఆనాటి రైల్వే కాలనీల్లో డ్యూటీ వేళ గుర్తు చేయడానికి కాల్‌బాయ్ అనే ఉద్యోగి ఉండేవాడు. అర్ధరాత్రి అయినా అతడు సిబ్బంది ఇంటికి నడిచి వెళ్ళి, తలుపు తట్టి, మనిషిని లేపి మరీ కబురు చెప్పేవాడు. పనికి పిలుపు కూడా ఒక మనిషి గొంతులోనే వచ్చేది.

అదే మండలంలో ఫిషింగ్ హార్బరు నిర్మాణమైన జువ్వలదిన్నె సముద్రతీర గ్రామం. ఈ కోస్తాలో తరతరాలుగా ఉన్న అలివి వల పద్ధతిలో, వల తాడు ఒక కొసను ఒడ్డున కొందరు పట్టుకొని ఉండగా, పడవలోనివారు సముద్రంలోకి వెళ్ళి వలను చుట్టూ దింపుకొంటూ వచ్చి రెండో కొసను ఇంకొంత దూరాన ఒడ్డుకు చేరుస్తారు. అప్పుడు రెండు గుంపులు రెండు తాళ్ళను సమంగా లాగాలి. ఒక గుంపు ముందుకూ ఇంకొకటి వెనక్కూ పడితే వల వంకరపోయి చేపలు జారిపోతాయి. పడిన చేపలను చివరికి వాటాలుగా పంచుకొంటారు. ఇటువంటి పనుల్లో తోటివారితో సంబంధం అనేది విడిగా సంపాదించుకోవలసిన వస్తువు కాదు, పని నిర్మాణంలోనే అది ఉంది. పక్కవాడి చెమట, అలసట, కోపం, కేక అన్నీ పనిలో భాగమే.

ఇంటినుంచి చేసే కంప్యూటరు ఉద్యోగం ఈ నిర్మాణాన్ని రెండుగా చీల్చింది. పని ఫలితం వేల కిలోమీటర్ల దూరానికి క్షణంలో చేరుతుంది గాని, పని చేసిన మనిషి మాత్రం గదిలోనే మిగిలిపోతాడు. పక్కగదిలో ఉన్న తల్లికి ఆ పని ఏమిటో తెలియదు. టీమ్‌లోని సహోద్యోగికి ఆ తల్లి జ్వరంతో ఉన్న సంగతి తెలియదు. ఈ లోటును పూడ్చడానికి సంస్థలు మీటింగులను పెంచుతాయి, మెసేజీలు ఎక్కువవుతాయి, ఉద్యోగి కుర్చీలో ఉన్నాడని చాటే పచ్చచుక్క తెరమీద వెలుగుతూ ఉండాలని నియమాలు వస్తాయి. అయినా మనసులోని వెలితి తీరదు, పైగా పనిమీద ఏకాగ్రత కూడా చెదురుతుంది. పనిలో నిమగ్నత కోసం తలుపు మూసుకొంటే మనుషులు దూరమవుతున్నారు, మనుషుల కోసం తలుపు తెరిస్తే పని సాగడం లేదు అన్న ఈ సంకటంలోనే అసలు తాత్త్విక ప్రశ్న ఉంది. ఏకాంతమూ అనుబంధమూ నిజంగా పరస్పర విరుద్ధాలేనా?

భగవద్గీత ఆరో అధ్యాయం ఈ విషయంలో గమనించదగిన క్రమాన్ని పాటించింది. యోగి ఏకాంతంలో ఒంటరిగా ఉండాలని, శుభ్రమైన చోట మరీ ఎత్తూ మరీ పల్లమూ కాని ఆసనం ఏర్పాటు చేసుకోవాలని ఆ అధ్యాయం మొదట చెబుతుంది. తరువాత తిండి, విహారం, కర్మ, నిద్ర, మెలకువ అన్నింటిలోనూ మితం పాటించేవాడికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందని, మితిమీరి తినేవాడికీ తిండి మానేవాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ అతిగా మేలుకొనేవాడికీ అది సిద్ధించదని వివరిస్తుంది. ఇంతవరకు ఇది ఒంటరి సాధకుడికి చెప్పిన నియమావళిలాగే ఉంటుంది. అయితే అదే అధ్యాయం ముందుకు సాగి, తనను సర్వభూతాల్లోనూ సర్వభూతాలను తనలోనూ చూసేవాడు, ఇతరుల సుఖదుఃఖాలను తనవిగా భావించేవాడు ఉత్తమ యోగి అన్న నిర్ణయానికి చేరుతుంది. తలుపు మూసుకొని మొదలైన సాధన సకల ప్రాణులతో సమభావం వద్ద ముగుస్తున్నదంటే, ఏకాంతానికి సార్థకత ఇతరుల బాధ అర్థం కావడంలో ఉందని గీత భావించినట్లే. ఆ భావం కలిగించని ఏకాంతం గీత లెక్కలో అసంపూర్ణ సాధన.

ఈ అసంపూర్ణతను కథగా చూపించిన భాగం మహాభారతం శాంతిపర్వంలో ఉంది. జాజలి అనే ముని సముద్రతీరంలో ఘోరతపస్సు చేస్తూ, స్తంభంలాగా కదలక నిలబడి ఉండగా, పిచ్చుకల జంట అతడి జడల్లో గడ్డితో గూడు కట్టుకొన్నది. అది తెలిసి కూడా అతడు కదలలేదు. పక్షులు గుడ్లు పెట్టాయి, పిల్లలు పుట్టాయి, వాటికి రెక్కలు వచ్చాయి, పగలంతా ఎగిరి సాయంకాలానికి తిరిగి వచ్చేవి. ఒకనాడు వెళ్ళినవి నెల గడిచినా రాకపోయేసరికి, తాను సిద్ధి పొందానని, తనతో సమానుడు లేడని జాజలి పొంగిపోయాడు. అప్పుడు కాశీలో ఉన్న తులాధారుడనే వర్తకుడికి నీవు సాటిరావని ఆకాశవాణి పలికింది. జాజలి కాశీకి వెళ్ళి చూస్తే, తులాధారుడు అంగడిలో కూర్చొని సరుకులు తూచి అమ్ముతున్నాడు. అందరికీ ఒకే తీరుగా తూగే తన త్రాసే తన వ్రతమని, ఏ ప్రాణికీ ద్రోహం చేయకుండా, తప్పనిసరి అయితే అతి తక్కువ ద్రోహంతో జీవించడమే పరమధర్మమని, సర్వప్రాణులకూ మిత్రుడైనవాడికే ధర్మం తెలుస్తుందని అతడు మునికి బోధించాడు.

ఈ కథను తపస్సు మీద వాణిజ్యం గెలిచిన కథగా చదివితే దానికి అన్యాయం చేసినట్లవుతుంది. జాజలి చేసిన పనిలో దయ ఉంది. పక్షులు చెదరకూడదని అతడు నెలల తరబడి కదలకుండా ఉన్నాడు. ఆ దయ సహజంగా ఉన్నంత కాలం అతడి ఏకాంతం లోకంతో కలిసే ఉంది. పక్షులు వెళ్ళిపోయాక జరిగినదాన్ని తన ఘనతగా లెక్కవేసుకొన్న క్షణంలో మాత్రమే ఆ కలయిక తెగింది. తులాధారుడు రోజంతా జనం మధ్య ఉన్నాడు గాని, అతడిని లోకంతో కలిపినది జనసమ్మర్దం కాదు, సమంగా తూచడం. అంగట్లో అందరితో మాట్లాడుతూ తప్పు తూకం వేసేవాడు ఎవరికీ మిత్రుడు కాడు. దీన్నిబట్టి, పని ఎక్కడ కూర్చొని చేశారు, చుట్టూ ఎంతమంది ఉన్నారు అన్నవాటికంటే, ఆ పని ఎవరికి మేలు చేస్తుందో ఎవరికి చేటు చేస్తుందో చేసేవాడి ఎరుకలో ఉన్నదా లేదా అన్నదే ప్రధానమని తేలుతుంది. శాంతిపర్వంతో సహా పదిహేను పర్వాలను 13వ శతాబ్దిలో తెలుగు చేసిన తిక్కన నెల్లూరును ఏలిన మనుమసిద్ధి కొలువులోనివాడే. రాజకార్యాల నడుమ ఉంటూ అంతటి కావ్యాన్ని నిర్మించి, యజ్ఞం చేసి సోమయాజి అనిపించుకొన్న ఆయన జీవితం, జనం మధ్య పనీ ఏకాంతంలో పనీ ఒకే మనిషిలో ఇమడగలవని చెప్పడానికి ఈ నేలమీది ఉదాహరణ.

ఎరుక అనేది భావనగా మిగిలిపోకుండా దినచర్యలో స్థిరపడడానికి ధర్మశాస్త్రాలు ఒక ఏర్పాటు చేశాయి. మనుస్మృతి గృహస్థుడి ఇంట్లో హింస జరిగే ఐదు స్థానాలను లెక్కపెట్టింది: పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్ళకుండ. వీటిని వాడేటప్పుడు తెలియకుండానే చిన్న ప్రాణులు నశిస్తాయి కాబట్టి, ఇంట్లో సుఖంగా బతకడమే ఒక బాకీని పెంచుతుందని ఆ ఆలోచన. ఆ బాకీ తీర్చుకోవడానికి చెప్పినవి పంచమహాయజ్ఞాలు. చదవడం, చదివింది ఇతరులకు చెప్పడం బ్రహ్మయజ్ఞం. పెద్దలను స్మరించి తర్పణం విడవడం పితృయజ్ఞం. అగ్నిలో ఆహుతి ఇవ్వడం దేవయజ్ఞం. పశుపక్ష్యాదులకు ఆహారం పెట్టడం భూతయజ్ఞం. అతిథిని ఆదరించడం మనుష్యయజ్ఞం. ఈ ఐదింటికీ గృహస్థుడు ఇల్లు వదలనక్కరలేదు. గురువులు, పూర్వికులు, దేవతలు, ప్రాణులు, తోటిమనుషులు అనే ఐదు దిక్కులకూ అతడి ఇల్లు ప్రతిరోజూ తెరుచుకొంటుంది.

ఇంటిని కార్యాలయం చేసుకొన్నవారికి ఈ పట్టిక నేటికీ ఉపకరిస్తుంది. కరెంటు, ఇంటర్నెట్, వాటిని నిలబెట్టే లైన్‌మన్, సహోద్యోగి ఓపిక, ఇంట్లోవారి సర్దుబాటు ఇవన్నీ ఆ ఉద్యోగం నిలిచే ఆధారాలు. వాటికి పడిన బాకీని జీతం మాత్రమే తీర్చలేదు. కొత్తగా చేరిన ఉద్యోగికి ఒక గంట ఓపికగా పని నేర్పడం బ్రహ్మయజ్ఞానికి నేటి రూపం. తల్లిదండ్రులతో కూర్చొని భోంచేయడం, ఆ వేళ ఫోను పక్కన పెట్టడం పితృయజ్ఞపు స్ఫూర్తికి దగ్గరైన పని. ఉదయాన దీపం వెలిగించి కాసేపు మౌనంగా కూర్చోవడం, పెరట్లో పక్షులకు గింజలూ నీళ్ళూ పెట్టడం, సాయంకాలం వీధిలోకి వచ్చి ఇరుగుపొరుగును పలకరించడం మిగిలిన మూడింటికీ చెందుతాయి. సరదా పుట్టినప్పుడు చేసే పనులుగా ఉంటే ఇవి వారంలో ఆగిపోతాయి. నిత్యకర్మలుగా, అంటే మానితే లోపం జరిగినట్లు భావించవలసిన విధులుగా ఉన్నప్పుడే నిలుస్తాయి. శాస్త్రకారులు వీటిని ఇష్టానికి వదలకుండా నిత్యవిధుల్లో చేర్చడంలో మానవస్వభావం తెలిసిన జాగ్రత్త ఉంది.

ఇంట్లో ఒంటరిగా చేసే పనిని యజ్ఞంగా భావించి, దానితో కోట్లమందిని కలపాలని చూసిన ప్రయత్నం ఆధునిక చరిత్రలో ఒకటుంది, దాని ఆనవాలు నెల్లూరు జిల్లాలోనే ఉంది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ, జూన్ 30లోగా తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌కు కోటిమంది సభ్యులు, ఇళ్ళలో 20 లక్షల రాట్నాలు అనే లక్ష్యాలు పెట్టుకొన్నది. వారం తిరగకుండా ఏప్రిల్ 7న గాంధీజీ, పెన్నా ఒడ్డున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య ఆ ఆశ్రమానికి ప్రాణం పోయగా, పొణకా కనకమ్మ భూమిని ఇచ్చారు. బాల్యవివాహం వల్ల బడి చదువుకు దూరమై, ఇంట్లోనే చదువు సంపాదించుకొన్న కనకమ్మ, తరువాత నెల్లూరులో బాలికల కోసం కస్తూరిదేవి విద్యాలయాన్ని స్థాపించారు. నాలుగు గోడల మధ్య ఒంటరిగా సాధించిన విద్య ఒక జిల్లా ఆడపిల్లల విద్యగా పరిణమించడం బ్రహ్మయజ్ఞానికి నిండైన నిదర్శనం.

రాట్నం ముందు కూర్చొన్నవాడు ఒక్కడే. ఏకును సాగదీసే చేతికి ఇంకొకరి సాయం అక్కరలేదు, పైగా ధ్యాస తప్పితే దారం తెగుతుంది. అయినా తాను వడికిన నూలు నేతగాడి మగ్గానికి చేరుతుందని, అది ఒక పేద ఇంటికి కూలి అవుతుందని, తనలాగే ఆ వేళకు దేశమంతటా ఎందరో వడుకుతున్నారని అతడికి తెలుసు. ఇతరుల మేలు కోసం, ప్రతిఫలం కోరకుండా చేసే పనే యజ్ఞమని 1930లో ఎరవాడ జైలునుంచి ఆశ్రమవాసులకు రాసిన లేఖల్లో గాంధీజీ వివరించారు. సబర్మతి ఆశ్రమంలో సాయంకాలం ప్రార్థన వేళ పేర్లు పిలిచి ఎవరెంత నూలు వడికారో రాసుకొనేవారు. పగలు విడివిడిగా సాగిన పని, రాత్రికి ముందు అందరి ఎదుట, ప్రార్థన నడుమ లెక్కకు వచ్చేది. పచ్చచుక్క చేసే నిఘాకూ ఈ లెక్కకూ చాలా తేడా ఉంది: నిఘా మనిషి కదలికను కనిపెడుతుంది, ఈ లెక్క మనిషి మాటను నమ్ముతుంది. ఇంద్రియాలను బిగబట్టి కూర్చొని మనసులో విషయాలను తలచుకొనేవాడిని గీత మిథ్యాచారుడు, అంటే కపటవర్తనుడు అన్నది. మౌసును కదిలిస్తూ చుక్క ఆరిపోకుండా చూసుకోవడం అటువంటి నడవడే. అయితే మనిషిని అంతకు దిగజార్చిన అపనమ్మకం కూడా ఆ దోషంలో పాలు పంచుకోవాలి.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఎదురవుతుంది. ఉద్యోగాన్ని యజ్ఞమనడం, ఫలాన్ని ఆశించవద్దనడం, జీతానికి మించి పని చేయించుకొనేవారికి అనువైన ఆయుధం కాదా అన్నది ఆ ఆక్షేపణ. ఇల్లే కార్యాలయమైనప్పుడు పనివేళలకు హద్దు చెరిగిపోతుంది, రాత్రి పదింటికి వచ్చిన మెసేజికి జవాబివ్వడం అంకితభావంగా చెలామణి అవుతుంది కాబట్టి ఈ భయం సహేతుకమే. దీనికి సమాధానం శాస్త్రంలోనే ఉంది. ఫలాపేక్ష విడవడం కర్త తన మనసుకు తాను పెట్టుకొనే నియమం; దాన్ని ఇంకొకరిమీద విధించే హక్కు ఎవరికీ లేదు. యజ్ఞంలో పాల్గొన్న ఋత్విజులకు దక్షిణ ఇవ్వకపోతే ఆ యజ్ఞం చెడుతుందని సంప్రదాయం చెబుతుంది. దేవతలిచ్చింది అనుభవిస్తూ వారికి తిరిగి ఇవ్వనివాడు దొంగ అన్న గీతావాక్యం యజమానికీ వర్తిస్తుంది. తులాధారుడి త్రాసులో వేతనమూ వేళలూ కూడా తూగాలి.

రెండో ఆక్షేపణ స్త్రీల వైపు నుంచి వస్తుంది, అది మరింత బరువైనది. మనువు చెప్పిన ఐదు స్థానాలను మళ్ళీ చూస్తే, పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్ళకుండ అన్నీ ఇంటి ఆడవారి చేతుల్లోనివే. బాకీ గృహస్థుడి పేరుమీద రాసి ఉంది, శ్రమ మాత్రం గృహిణిది. ఇంటినుంచి ఉద్యోగం చేసే స్త్రీకి ఈ ఐదూ తెరకు ఆవలివైపున ఎదురుచూస్తూనే ఉంటాయి. మగవాడికి ఇల్లు కార్యాలయమైతే, ఆమెకు కార్యాలయం కూడా ఇల్లే అవుతుంది. ఏకాంతం అనేది ఒకరి శ్రమతో మరొకరికి సమకూరే సౌకర్యమైతే దాన్ని సాధన అనడం తగదు. కాబట్టి పంచమహాయజ్ఞాలను ఈ కాలానికి అన్వయించేటప్పుడు, వంటింటి పనిని ఇంటిల్లిపాదీ పంచుకోవడం, ఆమెకూ తలుపు మూసుకొని పని చేసుకొనే వేళను మిగతావారు కాపాడడం మొదటి విధిగా చేర్చాలి.

మూడో ఆక్షేపణ జ్ఞానమార్గానిది. కర్మ ఎంత శ్రద్ధగా చేసినా అది మోక్షానికి నేరుగా దారితీయదని, నిష్కామంగా చేస్తే చిత్తశుద్ధిని, అంటే మనసులోని మాలిన్యాల తొలగింపును కలిగిస్తుందని శంకరాచార్యులు నిర్ణయించారు. ఈ నిర్ణయం ఇంటి ఉద్యోగికి నిరాశ కలిగించనక్కరలేదు, అది ఒక భారాన్ని దించుతుంది. ఉద్యోగమే జీవితానికి అర్థమూ ఆనందమూ స్నేహమూ అన్నీ ఇవ్వాలని ఆశించడం ఈ కాలపు పొరపాటు. చిత్తాన్ని కాస్త శుభ్రపరచడం, పదిమందికి కాస్త ఉపయోగపడడం, ఇల్లు గడవడం వరకే పనికి అప్పగించి, మిగిలినదాన్ని ఇతర సాధనలకూ మనుషులకూ ఉంచుకొనేవాడు పనిని కూడా నిశ్చింతగా చేయగలడు. ఏకాంతం మనసులో ఉంటుందని, ఆశలకు కట్టుబడినవాడికి అడవిలోనూ ఏకాంతం దొరకదని రమణ మహర్షి చెప్పేవారు. ఆయన ఆశ్రమంలో తెల్లవారుజామునే వంటశాలలో తోటివారితో కూర్చొని కూరగాయలు తరిగేవారు. ఆ పని ఆయన మౌనానికి భంగం కాలేదు.

వీటన్నిటినీ కలిపి చూస్తే, ఏకాంతమూ అనుబంధమూ పరస్పర విరుద్ధాలు అన్న మొదటి ఊహ నిలవదు. ధ్యాస చెదరకుండా పని చేయడానికి కావలసిన గుణమూ, మనుషులకు దగ్గర కావడానికి కావలసిన గుణమూ ఒకటే: తనను తాను కేంద్రంగా చేసుకోకపోవడం. తన గొప్పను లెక్కించుకొంటున్న మనసు పనిలోనూ నిలవదు, ఎదుటివాడి మాటలోనూ నిలవదు. అందువల్ల ఇంటినుంచి పని చేసేవారు చేయవలసిన మొదటి ఏర్పాటు మంచి కుర్చీ, వేగమైన నెట్ కనెక్షన్ కంటే ముందున్నది: ఈ రోజు చేసే పని ఎవరికి చేరుతుంది, అది ఎవరి శ్రమమీద నిలబడింది అని ప్రతి ఉదయం తలచుకోవడం. రెండోది, పని మొదలుపెట్టే వేళా ముగించే వేళా నిర్ణయించుకొని, ఆ హద్దును సంస్థ చేత కూడా గౌరవింపజేయడం. మూడోది, ఆ ఐదు యజ్ఞాలకు రోజులో తప్పని స్థానం ఇవ్వడం.

ఒకప్పుడు బిట్రగుంట షెడ్డులోనూ జువ్వలదిన్నె ఒడ్డునా మనుషులను కలపడం పని స్వభావమే చూసుకొన్నది, మనిషి ప్రత్యేకంగా ప్రయత్నించనక్కరలేకపోయింది. నేటి పని ఆ బాధ్యతను మనిషికి అప్పగించింది. ఇది బరువైన బాధ్యతే గాని అవకాశం కూడా, ఎందుకంటే అవసరం కొద్దీ కలిసినదానికంటే తెలిసి, కోరి, నియమంగా నిలుపుకొన్న అనుబంధానికి ధర్మదృష్టిలో ఎక్కువ విలువ ఉంది. ఊరికి తిరిగివచ్చిన చదువుకొన్న తరం తలుపు మూసిన గదిలో సంపాదించినదాన్ని ఆ ఊరి బడికీ, పొరుగు పిల్లల చదువుకూ, ఇంటి పెద్దల సేవకూ కొంతైనా మళ్ళించగలిగితే, ఇంటినుంచి చేసే ఉద్యోగం గీత లోకసంగ్రహమన్నదానిలో, అంటే లోకం చెదరకుండా కలిసి నిలిచేట్లు చేసే కర్మలో, న్యాయంగా చేరుతుంది.